మేపుల్ పాకం దిగాక

వెర్మాంట్‌లో ఏప్రిల్ సగానికి వచ్చేసరికి మేపుల్ మొగ్గలు ఉబ్బుతాయి. ఆ తర్వాత చెట్టు నుంచి కారే నీటిని కాస్తే పాకానికి వెగటు రుచి వస్తుంది. అందుకే ఆ రుచి నాలుకకు తగలగానే ఇక్కడివాళ్లు చెట్లకు బిగించిన గొట్టాలు తీసేసి, పెనాలు కడిగి బోర్లించి, పాకం కాచే పాకకు, అంటే షుగర్‌హౌస్‌కు తాళం వేస్తారు. రాత్రి గడ్డకట్టే చలి, పగలు మంచు కరిగించే ఎండ రెండూ ఉండే ఆ నాలుగు నుంచి ఆరు వారాలే పాకం కాచే కాలం. మిగతా పదినెలల పైచిలుకు ఆ పాక పెరట్లో ఊరికే నిలబడి ఉంటుంది.

ఇక్కడి మన తెలుగువాళ్లలోనూ ఇప్పుడు కొందరి పెరళ్లలో షుగర్‌హౌస్‌లు ఉన్నాయి. మీ ఇంట్లో లేకపోయినా మీ స్నేహితుల ఇళ్లలో చూసే ఉంటారు. చాలాచోట్ల అది పాత సైకిళ్లూ అట్టపెట్టెలూ పడేసే గదిగా మారిపోతోంది. నాకది చాలా కష్టంగా అనిపిస్తుంది. ఎందుకంటే ఇంత ఆలోచించి కట్టిన చిన్న ఇల్లు మీకు ఈ చుట్టుపక్కల ఇంకోటి దొరకదు.

ఒకసారి లోపలికి వెళ్లి తలెత్తి చూడండి. పైకప్పు మీద ఇంకో బుల్లి పైకప్పు ఉంటుంది. దాన్ని క్యుపోలా అంటారు. దానికి తాడు లాగితే తెరుచుకునే తలుపులు ఉంటాయి. మేపుల్ నీటిలో తీపి నూటికి రెండు పాళ్లే కాబట్టి, ఒక గ్యాలన్ పాకం కావాలంటే 40 గ్యాలన్ల నీరు కాయాలి. మిగిలిన 39 గ్యాలన్లూ ఆవిరై పోవాలి కదా, అదంతా పోయేది ఈ తలుపుల్లోంచే. కింద సందుల్లోంచి చల్లగాలి వస్తుంది, వేడెక్కి పైకి లేస్తుంది, ఆవిరిని లాక్కుని పోతుంది. నడుమ ఆర్చ్ అని పిలిచే ఇనుప పొయ్యి, దాని మీద వెడల్పాటి పెనాలు, పక్కనే కట్టెల కొట్టం. గాలిని లాగడం, కట్టెను పొడిగా ఉంచడం, పెద్ద మంటను తట్టుకోవడం ఈ పాకకు పుట్టుకతో వచ్చిన విద్యలు. ఖాళీ నెలల్లో ఏ పని అప్పగించినా ఆ విద్యలకు తగినదే అప్పగించాలని నా పట్టుదల.

వేసవి పనుల్లో మొదటిది కట్టెలది. మీ తాతగారి ఊరు అనకాపల్లి వైపు అయితే బెల్లం వండటం చూసే ఉంటారు. చెరకు రసంలో తీపి ఎక్కువ కాబట్టి అక్కడ ఆరబెట్టిన చెరకు పిప్పే పొయ్యికి సరిపోతుంది. మేపుల్ నీరు పలచన కాబట్టి ఇక్కడ కట్టెలు గుట్టలు గుట్టలుగా కావాలి. నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవున పేర్చిన దొంతిని కార్డ్ అంటారు. పాతకాలపు మంచి పొయ్యి మీద కార్డ్ కట్టెకు సుమారు 25 గ్యాలన్ల పాకం దిగుతుందని ఒక లెక్క. పెరటి పొయ్యిలు ఇంకా ఎక్కువే తింటాయి. ఈ మే నెలలో చీల్చి, సందులుంచి పేర్చిన కట్టె వచ్చే ఫిబ్రవరికి అందివస్తుంది. పచ్చికట్టె తన తడిని తాను ఆర్చుకోవడానికే వేడంతా ఖర్చు చేస్తుంది, పెనం సరిగ్గా తెర్లదు. రెండు పేళ్లు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టండి. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి మొద్దుగా చప్పుడు చేస్తాయి. ఈ పరీక్ష చేసే బాధ్యత ఇంట్లో పిల్లలదే కావాలి.

మార్చి చివర్లో ఫీబీ అనే బూడిదరంగు పిట్ట తిరిగివస్తుంది. తోక ఆడిస్తూ తన పేరు తానే పిలుచుకుంటుంది. బురద, నాచు కలిపి దూలం అంచు మీద గూడు కడుతుంది. షుగర్‌హౌస్ చూరు దానికి మహా ఇష్టం. గుడ్లు పెట్టాక గూడు కదపకూడదు, 1918లో వచ్చిన వలసపక్షుల చట్టం కూడా ఒప్పుకోదు. పెనాల మీద గుడ్డ కప్పి, తలుపు కాస్త తెరిచి ఉంచితే చాలు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ మూల దానిదే.

జూలైలో వెల్లుల్లి వస్తుంది. ఇక్కడ అక్టోబరులో రెబ్బలు నాటితే, మంచు కింద చలికాలమంతా నిద్రపోయి, మరుసటి జూలైకి గడ్డ కడుతుంది. మట్టి దులిపి, ఆకులతోనే పదేసి కట్టలు కట్టి, దూలాలకు వేలాడదీసి క్యుపోలా తలుపులు తెరవండి. ఎండ తగలకుండా గాలి మాత్రం ఆడే చోట మూడు నాలుగు వారాలుంటే పైపొర కాగితంలా గలగలలాడుతుంది. ఆవిరి కోసం చేసిన ఏర్పాటే వెల్లుల్లిని ఆరబెడుతుంది. పలచటి తొక్క ఉన్న మిరపకాయలు కూడా దండలు గుచ్చితే బాగానే ఎండుతాయి. దళసరివి మాత్రం లోపల బూజు పడతాయి, ఇక్కడి వేసవి గాలిలో తేమ ఎక్కువ.

సెప్టెంబరులో మొదటి మంచు పడబోతోందని తెలిసిన సాయంత్రం పెరట్లో గోంగూర అంతా కోసెయ్యాల్సిందే. పొద్దున్నకల్లా నల్లబడిపోతుంది మరి. అంత ఆకు ఒక్కసారి ఇంట్లో వేయించి మిరపకాయల తాలింపు పెడితే పొగ అలారం మోగక మానదు. పాకానికి ఆఖరి కాపు పెట్టుకునే గ్యాస్ పొయ్యి షుగర్‌హౌస్‌లో ఎలాగూ ఉంటుంది. దాని మీద మన మూకుడు పెట్టుకుంటే ఘాటంతా పైనుంచి వెళ్లిపోతుంది. మేపుల్ పెనంలో మాత్రం నూనె, కారం వేయకండి. ఆ వాసన ఫిబ్రవరి దాకా వదలదు.

మేపుల్ పెనానికి తగిన పని అక్టోబరులో వస్తుంది. న్యూ ఇంగ్లండ్ పాత ఇల్లాళ్లు చక్కెర ఖరీదుగా ఉన్న రోజుల్లో యాపిల్ రసాన్ని కాచి చిక్కటి పాకం చేసుకునేవారు. బాయిల్డ్ సైడర్ అంటారు. ఏడు గ్యాలన్ల రసానికి సుమారు ఒక గ్యాలన్ దిగుతుంది. చక్కెర ఏమీ కలపనక్కర్లేదు. మొదట పైన లేత నురుగు కడుతుంది, దాన్ని తీసేస్తూ ఉండాలి. రంగు తేనెలోంచి ఎర్రమట్టిలోకి మారుతుంది. చివర్లో బుడగలు చిన్నవై, దగ్గరగా, బరువుగా లేస్తాయి. అప్పుడు గరిటె ఎత్తితే చుక్కలు విడివిడిగా పడకుండా అంచున కలిసి జారతాయి. పెనంలో రసం అంగుళం కంటే తగ్గనిస్తే నిమిషాల్లో మాడుతుంది కాబట్టి పెద్దవాళ్లు ఒకరు అక్కడే ఉండాలి. యాపిల్‌లో పులుపు ఉంది కనుక పెనం స్టెయిన్‌లెస్ స్టీలుదే కావాలి. 1995కు ముందు చేసిన పాత పెనాల అతుకుల్లో సీసం ఉండొచ్చు, వాటి జోలికి వద్దు. ఆ పాకాన్ని అమెరికన్లు పైల్లో వేస్తారు. మీరు సొరకాయ పులుసులో చింతపండు, బెల్లం తగ్గించి రెండు చెంచాలు వేసి చూడండి. మా ఇంట్లో ఇప్పుడు అది లేకుండా పులుసు పెట్టడం లేదు.

కార్తీకం వచ్చేసరికి ఇక్కడ చెట్లు బోడిగా ఉంటాయి, ఉసిరి నీడ మాట సరేసరి. అందుకని మనం వనభోజనాలు జూలైలో పార్కులో కానిచ్చేస్తున్నాం. నా కోరిక ఏమిటంటే ఒక ఏడాదైనా వాటిని కార్తీకంలోనే, మేపుల్ తోపు మధ్య షుగర్‌హౌస్‌లో పెట్టుకోవాలని. పులిహోర, పప్పు ఇంటినుంచి వండి తెచ్చుకోవచ్చు. ఆర్చ్‌లో మంట వేసేముందు పెనం నిండా నీళ్లు పోయడం మరచిపోకండి, ఖాళీ పెనం వంగిపోతుంది. తలుపూ క్యుపోలా తెరిచే ఉంచాలి. భోజనాలయ్యాక గిన్నెలు కడగడానికి ఆ వేణ్ణీళ్లే పనికొస్తాయి.

కొందరు ఈ పాకకు గోడలు మూసి, చలి ఆపే పొరలు వేసి, అద్దె గదిగా మారుస్తున్నారు. నాకు అది ససేమిరా నచ్చదు. సందులు మూశాక మళ్లీ మేపుల్ కాస్తే ఆవిరి గోడల్లో చేరి బూజు పట్టిస్తుంది. చివరికి అది మంచి గదీ కాదు, మంచి షుగర్‌హౌసూ కాదు. పెట్రోలు, పెయింట్లు, పురుగుమందులు కూడా లోపల పెట్టకండి, పాకం ఎంత దూరపు వాసననైనా పట్టేస్తుంది.

ఆకులు రాలకముందు మీరు చేయాల్సిన పని ఇంకొకటుంది. ఫిబ్రవరిలో బోడి చెట్టును చూసి ఏది షుగర్ మేపులో చెప్పడం కొత్తవాళ్లకు కష్టం. అక్టోబరు మొదట్లో షుగర్‌హౌస్ దగ్గర కలుసుకుని, కొలిచే టేపు, రంగు రిబ్బన్లు పట్టుకుని బయల్దేరండి. షుగర్ మేపుల్ ఆకుకు అయిదు కొనలుంటాయి, అంచు నున్నగా, కొనల మధ్య వంపు గుండ్రంగా ఉంటుంది. రెడ్ మేపుల్ ఆకు అంచు రంపపు పళ్లలా ఉంటుంది. నార్వే మేపుల్ ఆకు తొడిమ తుంచితే పాలు కారతాయి. ఛాతీ ఎత్తులో మాను చుట్టుకొలత 38 అంగుళాలు, అంటే సుమారు 12 అంగుళాల అడ్డుకొలత, ఉంటే ఒక గొట్టం బిగించొచ్చు. అలాంటి షుగర్ మేపుల్‌కు ఎర్ర రిబ్బను వదులుగా కట్టి, దాని చోటు ఒక పటంలో గీసి, ఆ పటాన్ని పాక తలుపు లోపలివైపు అంటించండి.