పాత ల్యాప్‌టాప్ మార్చే ముందు

ఒక ఊళ్లో మహిళా పొదుపు సంఘం ఉంది. సంఘం లెక్కలన్నీ ఒక ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. ల్యాప్‌టాప్ అంటే పుస్తకంలా మడిచి, చేత్తో పట్టుకుపోగలిగే కంప్యూటర్. అది కొని 9 ఏళ్లయింది. మీట నొక్కి, టీ కాచుకుని వచ్చినా ఇంకా తెరుచుకోదు.

"అక్కా, దీన్ని పాత సామాన్లు కొనే అతనికి ఇచ్చేద్దాం. కొత్తది కొందాం" అంది లెక్కలు రాసే అమ్మాయి.

"ఆగమ్మా! మన అప్పులు, కిస్తీల లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి కదా. అవేమైపోతాయి?" అంది సంఘం అధ్యక్షురాలు.

మంచి మాట అడిగింది. ల్యాప్‌టాప్ మార్చడం ఇల్లు మారడం లాంటిది. ముందు సామానంతా కొత్త ఇంటికి చేర్చాలి. ఆ తర్వాతే పాత ఇంటి తాళం ఇవ్వాలి.

అసలు కొత్తది కొనాలా?

నెమ్మదిగా నడిచే ప్రతి ల్యాప్‌టాప్‌నూ పారెయ్యక్కర్లేదు. చాలా పాతవాటిలో హార్డ్ డిస్క్ ఉంటుంది. మనం దాచుకున్నవన్నీ అందులోనే ఉంటాయి. అది గిరగిరా తిరుగుతూ పనిచేస్తుంది. దాని బదులు ఎస్.ఎస్.డి. వేయించవచ్చు. అందులో తిరిగే భాగాలు ఉండవు. అందుకే చురుగ్గా పనిచేస్తుంది. కొత్తది కొనేదానికన్నా ఖర్చు చాలా తక్కువ.

అయితే ఇంకో సంగతి చూడాలి. కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. విండోస్ 10 అలాంటిదే. మైక్రోసాఫ్ట్ కంపెనీ దాన్ని 2015లో తెచ్చింది. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు మద్దతు ముగించింది. అలాంటి కంప్యూటర్ ఆగిపోదు. కానీ దొంగ ప్రోగ్రాంలు దూరే ప్రమాదం పెరుగుతుంది. విండోస్ 11 వేద్దామంటే అన్ని పాత ల్యాప్‌టాప్‌లకూ కుదరదు. దానికి టి.పి.ఎం. 2.0 అనే రక్షణ ఏర్పాటు కావాలి. కుదరకపోతే డబ్బు కట్టక్కర్లేని లినక్స్ వేయించవచ్చు. అదీ వీలుకాకపోతే కొత్తది కొనాలి.

కొత్తది కొంటే ఏం చేయాలి?

1. పాతదాంట్లోని లెక్కలు, ఫొటోలు కొత్తదాంట్లోకి ఎక్కించాలి. పెన్ డ్రైవ్‌లోనూ ఇంకో కాపీ ఉంచాలి.

2. ఎక్కించినవి తెరిచి చూడాలి. పేరు కనబడితే చాలదు. లోపల లెక్క కనబడాలి.

3. ఆ తర్వాత పాతదాన్ని పూర్తిగా తుడిపించాలి. ఫైలు చెరిపేస్తే పోయిందనుకోకండి. అది పుస్తకంలో విషయసూచిక చింపినట్టే. లోపలి పేజీలు అలాగే ఉంటాయి. తెలిసినవాళ్లు వాటిని బయటికి తీయగలరు.

4. పాతదాన్ని చెత్తకుప్పలో వేయకూడదు. బ్యాటరీని పొడిచినా, కాల్చినా మంటలు లేస్తాయి. ఎలక్ట్రానిక్ చెత్తను తీసుకునే గుర్తింపు ఉన్న కేంద్రానికే ఇవ్వాలి.

ఆ ఊరి సంఘం కొత్తదే కొంది. లెక్కలన్నీ ఎక్కించారు. అమ్మాయి ఒక్కొక్కటే తెరిచి చూసింది. కిందటేడు కిస్తీల లెక్క తెరుచుకోలేదు. కాపీ సగంలోనే ఆగిపోయింది! పాతది ఇంకా బల్ల మీదే ఉంది. అందులోంచి మళ్లీ ఎక్కించారు. ఈసారి తెరుచుకుంది.

ఆలోచించండి. పాతదాన్ని ముందు రోజే ఇచ్చేసి ఉంటే ఎవరు ఎంత కట్టారో ఎవరు చెప్పేవారు?