డోస్ట్‌ల ఆప్షన్లు పెట్టే ముందుగాల గీ ముచ్చట ఇనుండ్రి

2019ల నా ఇంటర్ అయిపోయింది. బైపీసీ. మార్కులు మంచిగనే వచ్చినయ్ గని డాక్టర్ సీటు వచ్చేటంత రాలె. ఇగ డిగ్రీ చెయ్యాలె. ఏం డిగ్రీ అన్నకాడ్నే లొల్లి షురూ అయింది.

నాకు జువాలజీ అంటే మస్తు ఇష్టం. గంతే ఇష్టం చరిత్ర మీద గూడ ఉండె. మా ఊరి చెరువు కట్ట కాడ ఒక పాత రాతి శాసనం ఉన్నది. చిన్నప్పటి సంది దాని మీద ఏం రాసిండ్రో తెల్సుకోవాలని ఉండె. బీఎస్సీల చేరితే చరిత్ర పోతది, బీఏల చేరితే జువాలజీ పోతది. రాత్రి ఒకటి అనుకుంటే పొద్దుగాల ఇంకోటి అనిపిస్తుండె. బాపు "నీ ఇష్టం బిడ్డా" అన్నడు. మా మేనమామేమో "బీఏ చేస్తె ఏం కొలువొస్తది?" అన్నడు.

గిట్ల ఊగుతున్నప్పుడే ఒక ప్రైవేటు కాలేజీ మనిషి ఇంటికొచ్చిండు. "డోస్ట్ ఫీజు మేమే కడ్తం, రిజిస్ట్రేషన్ మేమే చేస్తం, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పు సాలు" అన్నడు. చెప్పిన. ఫస్ట్ ఫేజ్‌ల సీటు వచ్చింది. సూస్తే బీకాం కంప్యూటర్స్! నేను ఒక్కదినం గూడ అనుకోని కోర్సు. ఆప్షన్లన్నీ ఆయన కాలేజీయే పెట్టుకున్నడు. నేను ఏదీ తేల్చుకోలే, గందుకే నా బదులు ఇంకొకలు తేల్చిండ్రు.

ఏడ్సుకుంట సర్కారు డిగ్రీ కాలేజీల ఉన్న హెల్ప్‌లైన్ సెంటర్‌కు పోయిన. ఆడ ఉన్న మేడం పిన్ను మార్పిచ్చి, సెకండ్ ఫేజ్‌ల కొత్తగ ఆప్షన్లు పెట్టుకోవచ్చన్నది. ఏది పెట్టాల్నో తెల్వది మేడం అన్న. అప్పుడు ఒక్క మాట అడిగింది: "ఈ రెండిట్ల ఇయ్యాల ఇడ్సిపెడితే మళ్ల దొరకనిది ఏది?"

గా ప్రశ్నకు జవాబు దొర్కబట్టి పదినిమిషాలు గూడ పట్టలే. మీకు గూడ పనికొస్తదని చెప్తున్న.

సైన్సుకు, ఆర్ట్స్‌కు నడుమ తొవ్వ ఒక్క దిక్కుకే ఉంటది. ఇంటర్‌ల బైపీసీ, ఎంపీసీ చదివినోళ్లు బీఏల చేరొచ్చు. సీఈసీ, హెచ్‌ఈసీ చదివినోళ్లు జువాలజీ, కెమిస్ట్రీ ఉన్న బీఎస్సీల చేరలేరు. పీజీ కాడ గూడ గంతే. ఎమ్మెస్సీ జువాలజీ చెయ్యాలంటే డిగ్రీల జువాలజీ ఉండాలె. ఎంఏ చరిత్రకు బీఎస్సీ చేసినోళ్లు గూడ సీపీగెట్ రాయొచ్చు. అంటే నేను బీఏల చేరితే జువాలజీ దర్వాజ మూస్కుంటది. బీఎస్సీల చేరితే చరిత్ర దర్వాజ తెరిచే ఉంటది. నేను బీజెడ్‌సీ పెట్టిన. మూడేండ్ల తర్వాత ఎంఏ చరిత్రల చేరిన.

అట్లని అందరు బీఎస్సీల చేరుండ్రి అంటలేను. కెమిస్ట్రీ పుస్తకం ముట్టాలంటెనే భయమయ్యేటోళ్లు "దర్వాజ తెరిచి ఉంటది" అని చేరితే బ్యాక్‌లాగ్‌లే మిగుల్తయ్. రెండూ నిజంగ ఇష్టమున్నోళ్లకే గీ లెక్క. నాకు గూడ నష్టం లేకపోలే. ఎంఏ మొదటి ఏడు తోటోళ్లు డిగ్రీల చదివొచ్చింది నేను రాత్రులు కూసొని చదివిన. ఇంకోటి, బీఈడీల మెథడాలజీ డిగ్రీ సబ్జెక్టులను బట్టి ఉంటది. జూనియర్ లెక్చరర్ కొలువుకు పీజీ సబ్జెక్టు సూస్తరు. ఏ కొలువుకు ఏం సూస్తరో ముందుగాలనే అర్సుకోవాలె. గ్రూప్స్‌కు, సివిల్స్‌కు అయితే ఏ డిగ్రీ అయినా సాలు. సివిల్స్‌ల ఆప్షనల్ గూడ డిగ్రీల చదివిందే తీస్కోవాలని లేదు.

ఇగ ఆప్షన్ల ముచ్చట. డోస్ట్‌ల సీటు ఇంటర్ మార్కులు, రిజర్వేషన్, మీరు పెట్టిన వరుస సూసి ఇస్తరు. మొదటి ఆప్షన్ నుంచి కిందికి సూస్కుంట వస్తరు, మీ మార్కులకు ఎక్కడ సీటుంటే ఆడ ఆగుతది. గందుకే "పెద్ద కాలేజీ పైన పెడితే కిందిది పోతదేమో" అని భయపడొద్దు. నిజంగ కావాల్సింది పైన పెట్టుండ్రి. చేరమనుకున్న కోర్సు మాత్రం ఆఖరున గూడ పెట్టొద్దు, అదే వచ్చి కూసుంటది. రెండు సబ్జెక్టులు కావాలనుకునేటోళ్లు రెండూ ఆప్షన్లల్ల పెట్టొచ్చు గని ఏది పైన అన్నది మీరే తేల్చాలె. సీటు రాంగనే ఆన్‌లైన్ల సెల్ఫ్ రిపోర్టింగ్ చెయ్యాలె, లేకుంటే సీటు పోతది. రిపోర్ట్ చేసి గూడ తర్వాతి ఫేజ్‌ల మంచి దానికి ప్రయత్నం చెయ్యొచ్చు. గని ఆడ కొత్త సీటొస్తే పాతది రద్దయితది, అది యాదికుంచుకోండ్రి.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల ఇంటర్ తర్వాత ఐదేండ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులున్నయ్, సైన్సుల గూడ, సోషల్ సైన్సుల గూడ. దానికి సీయూఈటీ రాయాలె. తెలుగుల గూడ రాయొచ్చు. గని దాని దరఖాస్తులు ఇంటర్ రిజల్ట్స్ రాకముందే అయిపోతయ్. డోస్ట్ అప్పుడు సూద్దాంలే అంటే దొరకది. మా ఊర్ల నా ఈడు పోరగాండ్లకు ఒక్కలకు గూడ అప్పుడు గీ సంగతి ఎర్క లేకుండె.

ఇంకో తొవ్వ గూడ ఉన్నది. 2022 నుంచి రెండు డిగ్రీలు ఒక్కసారే చెయ్యనీకి యూజీసీ ఒప్పుకున్నది. ఒకటి కాలేజీకి పోయి, ఇంకోటి దూరవిద్యల చెయ్యొచ్చు. మనకు అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉండనే ఉన్నది. గని రెండు పరీక్షలు, రెండు ఫీజులు. ఇంట్ల పరిస్థితి సూస్కొని దిగాలె.

మన కాళోజీ లా చదివిండు, కవి అయిండు. చదివిన సబ్జెక్టు మనల్ని కట్టేసి పెట్టదు. గని ఏ తొవ్వ మళ్ల తిరిగిరానిస్తదో, ఏది రానియ్యదో ముందుగాల తెల్సుకుంటే కష్టం తక్కువైతది.

తమ్ముండ్లూ, చెల్లెండ్లూ, ఒక కాయితం తీస్కోండ్రి. రెండు సబ్జెక్టుల పేర్లు రాయుండ్రి. ఒక్కోదాని కింద "ఇది ఇడ్సిపెడితే మళ్ల ఎట్ల చేరొచ్చు?" అని రాసి జవాబు వెతుకుండ్రి. తెల్వకుంటే హెల్ప్‌లైన్ సెంటర్‌ల అడుగుండ్రి, పైసలేం అడుగరు. ఓటీపీ మాత్రం ఎవ్వలకు చెప్పకుండ్రి.

మా చెరువు కట్ట మీది శాసనం ఇప్పుడు సగం చదువొస్తది నాకు. మిగిలిన సగం చదువుడు ఇంకా నేర్సుకుంటున్న.