పెడలు ముందా, సాధన ముందా?

మా అబ్బాయికి పదమూడో ఏట ఎలక్ట్రిక్ గిటారు సరదా పట్టుకుంది. ఆస్పత్రి డ్యూటీలతో వాడి దగ్గర కూర్చునే తీరిక లేని మేమిద్దరం, ఆ లోటును షాపులో తీర్చుకున్నాం. ఏడాదిలో మూడు పెడళ్ళు కొనిపెట్టాం. కాలితో నొక్కితే నాదాన్ని మార్చే చిన్న పెట్టెలివి. చప్పుడు పెరిగింది గాని పాట రాలేదు. వాడు నాలుగోది అడిగాడు.

ఒక ఆదివారం పెడళ్ళన్నీ ఊడదీసి, గిటారును నేరుగా ఆంప్లిఫయరుకు తగిలించి వాయించమన్నాం. డిస్టార్షన్ మీటులోని హెచ్చుతగ్గుల్ని చదును చేస్తుంది. డిలే ప్రతి స్వరాన్నీ మళ్ళీ వినిపించి తాళం తప్పుల్ని కప్పేస్తుంది. ఆ ముసుగు తీయగానే తప్పులన్నీ వినబడ్డాయి. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తప్పు మాదే అనిపించింది.

నాలుగు మందులు ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు. ఇదీ అంతే. ముందు ట్యూనర్, అలవాటయ్యాక ఓవర్‌డ్రైవ్, ఆ తరువాతే డిలే కొనండి. తగిలించే వరుస కూడా సాధారణంగా అదే. చాలా పెడళ్ళకు 9 వోల్టులు సరిపోతాయి. అడాప్టరు ధ్రువాలు మాత్రం సరిచూసుకోండి.

మన పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలు పలికించింది వేళ్ళతోనే గదా!

ఇప్పుడు రోజూ రాత్రి భోజనానికి ముందు మెట్రోనోం పెట్టుకుని 15 నిమిషాలు ఉత్త గిటారు, ఆపైన 5 నిమిషాలు వాడికి నచ్చిన పెడలు. మాలో ఒకరం పక్కన కూర్చుంటున్నాం. నాలుగో పెడలు మాట వాడు మళ్ళీ ఎత్తలేదు.