కొండకి చెప్పకుండా కుదిరిన బేరం

విదేశీ ఒప్పందాల గొడవ మనకెందుకులే అనుకునేవారికి అరకు చెప్పే కథ

ఎక్కడో అరబ్బు ఎడారిలో ఉన్న రస్ అల్ ఖైమా అనే చిన్న రాజ్యానికీ, మన విశాఖ మన్యంలోని చింతపల్లి అడవికీ ఏమిటి సంబంధం? లండన్ పార్లమెంటులో బ్రెగ్జిట్ గురించి వాళ్ళూ వాళ్ళూ తగువులాడుకుంటే, అరకు కొండవాలున కాఫీ పళ్ళు కోసుకునే ఆడమనిషికి వచ్చేదేమిటి, పోయేదేమిటి?

"ఏమీ లేదు" అనేస్తాం చాలామందిమి. పేపర్లో విదేశీ వ్యవహారాల పేజీ రాగానే గబుక్కున తిప్పేస్తాం. ద్వైపాక్షిక చర్చలు, వాణిజ్య ఒప్పందం, సుంకాల సడలింపు... ఇవన్నీ మగవాళ్ళ కబుర్లనో, ఢిల్లీ పెద్దల కబుర్లనో మనకో అభిప్రాయం. వంటనూనె ధర పెరిగితే మాత్రం కిరాణా కొట్టు వాడితో దెబ్బలాడతాం. ఆ పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుందనీ, దాని మీద సుంకం ఎంతో ఢిల్లీలో తేలుస్తారనీ, కొట్టువాడి చేతిలో ఉన్నది తక్కెడ ఒక్కటేననీ మనకి తట్టదు.

దూరదేశాల బేరాలు మన గడపదాకా ఎలా వస్తాయో తెలియాలంటే అరకు కొండల కథ వినాలి. ఆ బేరాల గురించి ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు, ఎప్పుడు మానేశారు అన్నది ఇంకా బాగా వినాలి.

ఎడారి నుంచి వచ్చిన ఒప్పందం

అల్యూమినియం గిన్నె లేని వంటిల్లు అరుదు. ఆ గిన్నెకి మూలం బాక్సైట్ అనే ఎర్రటి ఖనిజం. అరకు, అనంతగిరి, చింతపల్లి ప్రాంతాల్లో కొండల నెత్తిన అది పొరగా పరుచుకుని ఉంది. వాన నీటిని పీల్చుకుని ఏడాది పొడుగునా ఊటలుగా వదిలేది ఆ కొండనెత్తేనని అక్కడివాళ్ళ నమ్మకం. దాన్ని తవ్వేస్తే తమ గెడ్డలు ఎండిపోతాయని వాళ్ళ భయం. ఆ భయం కొండమీది వాళ్ళది మాత్రమే అనుకోకండి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నీళ్ళే తాటిపూడి జలాశయం మీదుగా విశాఖపట్నం కుళాయిల్లోకి వస్తాయి.

2007 ఫిబ్రవరిలో, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రస్ అల్ ఖైమా ప్రభుత్వంతో ఒక అవగాహన ఒప్పందం చేసుకుంది. రస్ అల్ ఖైమా అంటే దుబాయి, అబుధాబీల్లాగా యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని ఏడు ఎమిరేట్లలో ఒకటి. దాని పెట్టుబడుల సంస్థా, మన పెన్నా గ్రూపూ కలిసి 'అన్‌రాక్' అనే కంపెనీ పెట్టాయి. ఫ్యాక్టరీ కిందన మాకవరపాలెంలో. ఖనిజం మాత్రం పైన మన్యం కొండల్లోంచి రావాలి.

మరి ఏజెన్సీలో గిరిజనుల భూమిని గిరిజనేతరులకి ఇవ్వకూడదని 1/70 చట్టం ఉంది కదా? ఉంది. అది ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందనీ, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకి ఇవ్వరాదనీ సుప్రీంకోర్టు 1997 జూలై 11న 'సమత' కేసులో తీర్పు కూడా ఇచ్చింది. ఆ కేసు పుట్టింది అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలోనే. అందుకని ఒక అడ్డదారి వెతికారు. తవ్వేది ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ, కొనుక్కునేది కంపెనీ. పేరు ఒకరిది, సరుకు ఇంకొకరిది!

ఇంట్లో పెళ్ళి సంబంధం కుదిర్చి, తాంబూలాలు కూడా పుచ్చేసుకున్నాక పిల్లకి చెప్పినట్టుంది ఈ వ్యవహారం. సంతకాల రోజున కొండమీది ఊళ్ళని పిలిచి అడిగినవాళ్ళు లేరు.

కుర్చీలు మారితే మాటలు మారాయి

అప్పుడు ప్రతిపక్షంలో ఉన్నది తెలుగుదేశం. వామపక్షాలతో పాటు అదీ ఈ ఒప్పందాల్ని నిలదీసింది, రద్దు చేయమంది. ఇంకో విశేషం ఏమిటంటే, అప్పటి అరకు ఎంపీ, కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రి కిశోర్ చంద్రదేవ్ అధికార కాంగ్రెస్‌లోనే ఉంటూ 2012లో ఈ బాక్సైట్ ఒప్పందాలు రద్దు చేయాలని గవర్నరుకి లేఖ రాశారు. రాష్ట్రంలో ఉన్నదీ ఆయన పార్టీ ప్రభుత్వమే. ప్రశ్న అడగడానికి ప్రతిపక్షంలోనే కూర్చోనక్కర్లేదని ఆయన చూపించారు.

2014లో తెలుగుదేశం అధికారంలోకి వచ్చింది. 2015 నవంబరులో జీవో 97 వచ్చింది. చింతపల్లి, జెర్రెల అటవీ బ్లాకుల్లో 1,212 హెక్టార్లలో తవ్వకాలకి దారి తీసే ఉత్తర్వు అది. మన్యం భగ్గుమంది. ఈసారి నిలదీసే వంతు ప్రతిపక్ష నాయకుడు వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డిది. ఆ డిసెంబరులోనే ఆయన చింతపల్లి వెళ్ళి సభ పెట్టారు. గొడవ ముదరడంతో ప్రభుత్వం జీవోని పక్కన పెట్టింది. 2019లో జగన్ ముఖ్యమంత్రి అయ్యాక ఆ అనుమతుల్ని రద్దు చేశారు. ఆ మాట నిలబెట్టుకున్నారు, కాదనలేం. తిరిగి 2021లో నాతవరం మండలంలో లేటరైట్ పేరుతో బాక్సైట్ తవ్వుతున్నారంటూ తెలుగుదేశం నాయకులు కొండెక్కారు. అది లేటరైటే, బాక్సైట్ కాదని ప్రభుత్వం జవాబిచ్చింది.

చూశారా! 2007లో ఒకరు ప్రభుత్వం, ఇంకొకరు ప్రశ్న. 2015 నాటికి ప్రశ్న వేసినవారే ప్రభుత్వం. 2021కి మళ్ళీ తారుమారు. కుర్చీలాటలాగా ప్రశ్న చేతులు మారుతూ వచ్చింది. మారకుండా మొదటినుంచీ చివరిదాకా అదే ప్రశ్న అడిగినవాళ్ళు మాత్రం ఊళ్ళవాళ్ళు.

ఇంతలో ఫ్యాక్టరీకి ఖనిజం రాలేదు. పెట్టుబడి పెట్టిన ఎమిరేట్ ఊరుకుంటుందా? భారతదేశానికీ యూఏఈకీ మధ్య 2013లో కుదిరిన పెట్టుబడుల రక్షణ ఒప్పందాన్ని చూపించి, 2016లో మన దేశం మీదే అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి నోటీసు ఇచ్చింది. అడిగిన నష్టపరిహారం 4 కోట్ల డాలర్ల పైమాటే. చింతపల్లి అడవి విషయం అంతర్జాతీయ న్యాయవాదుల బల్ల మీదికి వెళ్ళిందన్నమాట! ఇలాంటి కేసులో ఓడితే కట్టవలసింది సంతకం పెట్టిన పెద్దలు కాదు. సబ్బు మీదా, అగ్గిపెట్టె మీదా పన్ను కట్టే మనమే.

లండన్‌లోనూ ఇదే కథ

ఇది మన తెలుగు నాయకుల జబ్బేనేమో అనుకోకండి. 2016లో ఐరోపా సమాఖ్య నుంచి బయటికి రావాలని బ్రిటన్ ప్రజలు ఓటేశారు. ఆ ఏడాది అక్టోబరు నుంచి 2020 దాకా లేబర్ పార్టీ తరఫున బ్రెగ్జిట్ మీద ప్రభుత్వాన్ని ప్రశ్నించే బాధ్యత కీర్ స్టార్మర్‌ది. మీ ప్రణాళిక ఏమిటో సభ ముందు పెట్టండి అని వెంటపడ్డారు. ఒప్పందం మీద న్యాయ సలహా మొత్తం బయట పెట్టమంటే ప్రభుత్వం దాచింది. 2018 డిసెంబరు 4న సభ ఓటింగు పెట్టి, ప్రభుత్వం పార్లమెంటు ధిక్కారానికి పాల్పడిందని తేల్చింది. 311 ఓట్లు ఇటు, 293 అటు. మర్నాడే ఆ కాగితాలు బయటికొచ్చాయి.

అదే స్టార్మర్ 2024 జూలైలో ప్రధాని అయ్యారు. 2025 జూలై 24న భారత్-బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు జరిగింది ఆయన హయాంలోనే. అడిగేవాడు జవాబు చెప్పవలసినవాడయ్యాడు. ఎక్కడైనా అంతే.

కాకపోతే ఒక్క తేడా ఉంది. బ్రిటన్‌లో 2010 నాటి చట్టం ప్రకారం ఇలాంటి ఒప్పందాన్ని ఖాయపరిచే ముందు సభ పనిచేసే 21 రోజులపాటు పార్లమెంటు ముందు ఉంచాలి. ఐరోపాలో వాణిజ్య ఒప్పందానికి వాళ్ళ పార్లమెంటు సమ్మతి కావాలి. మన రాజ్యాంగంలో ఆ నియమం లేదు. విదేశీ ఒప్పందాలు చేసుకోవడం కేంద్ర ప్రభుత్వం పని. వాటి అమలుకి చట్టం మార్చవలసి వస్తేనే అవి సభకొస్తాయి. అంటే మన ఎంపీల చేతిలో ఉన్న ఆయుధం ప్రధానంగా ప్రశ్నే.

ఇప్పుడు కాఫీ వంతు

బాక్సైట్ సద్దుమణిగింది కదా అని ఊపిరి పీల్చుకునే లోపల ఇంకో దూరదేశపు కాగితం కొండెక్కుతోంది.

అరకు కాఫీ పేరు ఇప్పుడు ప్రపంచమంతా తెలుసు. 2017లో పారిస్‌లో దుకాణం తెరిచింది. 'అరకు వ్యాలీ అరబికా'కి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల పక్కన, ఎకరం రెండెకరాల్లో పండించుకునే గిరిజన కుటుంబాలవి ఆ తోటలు. చలికాలంలో ఎర్రబడ్డ పళ్ళు ఏరి, తొక్క తీసి, కడిగి, ఎండబెట్టే పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్ళ చేతులదే.

మన దేశపు కాఫీలో పెద్ద వాటా వెళ్ళేది ఐరోపాకే. ఆ ఐరోపా సమాఖ్య 2023లో ఒక చట్టం తెచ్చింది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికి సాగు చేసిన భూమిలో పండిన కాఫీ, కోకో, రబ్బరు లాంటివి తమ దేశాల్లో అమ్మకూడదని దాని సారాంశం. ప్రతి గింజా ఏ చెక్క భూమిలో పండిందో అక్షాంశ రేఖాంశాలతో సహా చూపించాలి. అమలు రెండుసార్లు వాయిదా పడింది గానీ చట్టం మాత్రం పోలేదు.

అడవిని కాపాడాలన్న మాట మంచిదే. అరకు తోటలు పెరిగింది చెట్టు నీడనే కాబట్టి న్యాయంగా చూస్తే మనవాళ్ళకి భయం ఉండకూడదు. చిక్కల్లా రుజువు దగ్గరే. పెద్ద ఎస్టేటుకి గుమాస్తాలుంటారు, కంప్యూటరు ఉంటుంది. కొండమీది అక్కకి ఏముంది? అటవీ హక్కుల పట్టా ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఉన్నా హద్దులు సరిగ్గా ఉన్నాయో లేదో తెలియదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. పళ్ళు ఏరే చేతుల పేరు ఆ కాగితంలో ఉందా అన్నది ముందు చూసుకోవాలి. రుజువు లేని గింజకి ఐరోపా తలుపు మూసుకుంటే, ఆ సాకుతో దళారి సంతలో ధర తగ్గించి కొంటాడు. నష్టపోయేది ఆ ఇంటి బియ్యం డబ్బా.

అడగవలసిన ప్రశ్నలు

అరకు లోక్‌సభ స్థానం నుంచి 2014లో కొత్తపల్లి గీత, 2019లో గొడ్డేటి మాధవి, 2024లో గుమ్మా తనూజారాణి గెలిచారు. వరసగా ముగ్గురూ ఆడవాళ్ళే! ఒకరు డిప్యూటీ కలెక్టరుగా పనిచేసినవారు, ఒకరు టీచరు, ఒకరు డాక్టరు. ముగ్గురూ గెలిచింది వైఎస్సార్ కాంగ్రెస్ తరఫునే, ముగ్గురూ గెలిచిన నాడు ఆ పార్టీ కేంద్రంలో అధికారంలో లేదు. అంటే ప్రశ్నించడానికి కావలసినంత స్వేచ్ఛ ఉన్న స్థానం అది.

లోక్‌సభలో ప్రశ్నకి కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రోజుకి 20 ప్రశ్నలు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పవలసినవి. మరో 230 ప్రశ్నలకి రాతపూర్వకంగా జవాబిస్తారు. ఆ రాత జవాబు రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది. మైకు పట్టుకుని అరిచిన అరుపుకన్నా అది గట్టిది.

అడగవలసినవి పెద్ద విద్య కావలసినవి కావు. ఐరోపా చట్టం అమలయ్యేనాటికి అరకు, పాడేరు ప్రాంతాల్లో ఎన్ని తోటల కొలతలు పూర్తవుతాయి? కొలతల ఖర్చు ఎవరిది? ఆ వివరాలు రైతు చేతిలో ఉంటాయా, కొనేవాడి చేతిలోనా? బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందంలో సుంకం తగ్గినందువల్ల వచ్చే లాభంలో పళ్ళు కోసిన మనిషికి ఎంత దక్కుతుంది? రేపు ఏ విదేశీ సంస్థతోనైనా కొండ భూమి గురించి మాట్లాడితే, సంతకానికి ముందు గ్రామసభకి చూపిస్తారా?

ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకి పెద్ద పీట వేసింది. ఆ సభలో ఓటరుగా పేరున్న ప్రతి ఆడమనిషికీ మాట ఉంది.

కొండమీద లేని మనకీ పని ఉంది. మన నియోజకవర్గం ఎంపీ ఇంతవరకూ సభలో ఏమేం ప్రశ్నలు అడిగారో లోక్‌సభ రికార్డుల్లో ఎవరైనా చూడవచ్చు. కాలేజీకెళ్ళే పిల్లలనడిగితే క్షణంలో తీసి చూపిస్తారు. ఆయన పార్టీ ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అడిగిన ప్రశ్ననే, అధికారంలోకి వచ్చాక కూడా అడిగారా లేదా అన్నది ఒక్కటీ చూడండి. లేదనుకోండి, మళ్ళీ ఓటుకి మన వీధిలోకి వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, ఆ ప్రశ్న మనమే అడగాలి. ఆ కాఫీ అరకుదైతే మరీ మంచిది.