ఆయాసంతో పాటు వచ్చే కుంగుబాటు

దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి గల పెద్దలు ఆలయానికి రావడం మానివేసినప్పుడు ఇంటివారు చెప్పే కారణం ఒక్కటే: "ఆయాసం, మెట్లు ఎక్కలేరు." నిజమే కావచ్చు. అయితే రాలేకపోవడం వేరు, రావాలని అనిపించకపోవడం వేరు. రెండవది కుంగుబాటు లక్షణం కావచ్చు.

నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడలకు ఆనుకొని ఉన్న మన చిల్కానగర్‌లో ఈ సంగతి తెలిసి ఉండడం అవసరం. పొగాకు, పని చోటి దుమ్ము, కట్టెపొయ్యి పొగ ఏళ్ల తరబడి ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. ఆపైన ఆయాసం భయాన్ని, భయం ఆయాసాన్ని పెంచుతాయి. రోగి నడక తగ్గిస్తాడు. కండరాలు బలహీనపడి, చిన్న పనికే ఊపిరి అందదు. క్రమంగా గడప దాటడు.

అలసట, నిద్రలేమి, ఆకలి మందగించడం రెండు వ్యాధులలోనూ ఉంటాయి కనుక వాటిని బట్టి తేల్చలేము. రెండు వారాలుగా దాదాపు ప్రతిదినం మనసు కుంగి ఉన్నదా? ఇదివరకు ఇష్టమైన పనులపై ఆసక్తి పోయిందా? వైద్యులు మొదట అడిగేవి ఈ రెండే. "నేను మీకు భారం" అనే మాట వినిపిస్తే తేలికగా తీసుకోరాదు. చనిపోవాలనిపిస్తున్నదా అని సూటిగా అడగవచ్చు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా విడువక వెంటనే వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి.

"దేవునిపై భారం వేయండి" అని మనం సదుద్దేశంతోనే అంటాము. కుంగినవారికి అది తమ భక్తి చాలలేదన్న నిందగా వినిపిస్తుంది.

చికిత్స ఉన్నది. వైద్యుల పర్యవేక్షణలో వ్యాయామం, శ్వాస శిక్షణ, కౌన్సెలింగ్ మేలు చేస్తాయి. కుంగుబాటు మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానరాదు. నిద్రమాత్రలు సొంతంగా వాడితే కొందరిలో శ్వాస మందగించే ప్రమాదం ఉన్నది. ఊపిరి బిగపట్టే ప్రాణాయామం వైద్యుని అడగనిదే చేయరాదు. పూజలో సాంబ్రాణి పొగకు దూరంగా కూర్చోబెట్టండి.

మన నగరంలో ఎర్రగడ్డ పేరు చెబితే పరిహాసమాడే అలవాటు ఒకటి ఉన్నది. ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి, మానసిక వైద్యశాల రెండూ అక్కడే ఉన్నాయి. మొదటిదానికి సంకోచం లేకుండా వెళ్లేవారు రెండవదాని పేరు ఎత్తరు. అంత దూరం వెళ్లలేనివారు 14416కు ఫోను చేయవచ్చు. 2022లో ప్రారంభమైన ఈ టెలి మానస్ సేవ ఉచితం. రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడతారు. ఛాతీ వైద్యుని వద్దకు ఈసారి వెళ్లినప్పుడు దగ్గు, ఆయాసాలతో పాటు మనసు సంగతి కూడా చెప్పండి. రోగి చెప్పకపోతే వెంట వెళ్లినవారైనా చెప్పాలి.