పదిహేనెకరాలకో గడి

ఇస్రో వారి భువన్ పటం తెరిచి, అశ్వారావుపేట దగ్గర మొదలుపెట్టి భద్రాచలం వైపు జరుపుకుంటూ పోయాను. ముందు వచ్చేవి పామాయిల్ తోటలు. తొమ్మిదేసి మీటర్ల ఎడంతో మూడు మూలలుగా నాటిన చెట్లు పైనుంచి ముగ్గుకు పెట్టిన చుక్కల్లా ఉంటాయి. గోదావరి దాటి దుమ్ముగూడెం, చర్ల దారి పడితే ఆ చుక్కలు పలచబడతాయి. అడవిలో అక్కడక్కడా అతుకులేసినట్టు పోడు చెలకలు. ఎవరి గట్టు ఎక్కడ మొదలైందో తెర మీద తేలదు.

ఏ నేల ఏ పంటకు పనికొస్తుందో చెప్పే పటాలు ఈ రెండు చోట్లనూ ఒకే లెక్కన కొలుస్తాయి. లెక్క పాతదే. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1976లో నేలను తరగతులు కట్టే పద్ధతి ఇచ్చింది: బాగా అనుకూలం, ఒక మోస్తరు, అంతంతమాత్రం, పనికిరాదు. ఇప్పుడు కంప్యూటర్ చేసేదల్లా నేల లోతు, వాలు, వాన, నీటి వసతి, రోడ్డు దూరం లాంటివి పొరలు పొరలుగా పేర్చి, పొరకిన్ని మార్కులని వేసి కూడడమే. వాలుకు ఎన్ని మార్కులు, నీటికి ఎన్ని అన్నది మాత్రం మనిషే ముందుగా రాసిపెడతాడు. పటం చేతికొచ్చాక రంగులు చూస్తాం గానీ ఆ మార్కుల పట్టిక అడిగేవాళ్లు తక్కువ.

మార్కుల సంగతి అలా ఉంచి గడుల సంగతి, అంటే పటాన్ని కోసిన చదరపు ముక్కల సంగతి చూద్దాం. వాలు లెక్కకు ఎక్కువమంది వాడేది 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక పదకొండు రోజులపాటు రాడార్‌తో కొలిచిన ఎత్తులు. అందులో ఒక గడి 30 మీటర్లు, అంటే దాదాపు తొమ్మిది గుంటలు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల గడి 10 మీటర్లే. ఎకరానికి నలభై గడులు, అయిదు రోజులకోసారి కొత్త బొమ్మ. ఇంతవరకు బాగానే ఉంది. నేల దగ్గరికొచ్చేసరికి చిక్కు. ప్రపంచమంతటికీ ఉచితంగా దొరికే నేలల పటంలో ఒక్కో గడి 250 మీటర్లు. లెక్కేస్తే పదిహేనెకరాలు.

2023 జూన్ 30న పంపిణీ మొదలైన పోడు పట్టాలు తెలంగాణ అంతటా సుమారు 1.51 లక్షల మందికి, 4.06 లక్షల ఎకరాలకు. తలకు మూడెకరాలు కూడా లేదు. అంటే ఒక్క నేల గడిలో అయిదు కుటుంబాల చెలకలు పడతాయి. ఒకరిది వాగు పక్క ఒండ్రు, ఒకరిది గుట్ట కింద రాళ్ల నేల, ఇంకొకరి చెక్కలో సగం దుబ్బ. పటం మీద అందరిదీ ఒకే రంగు.

ఈ తేడాలు తెలియాలంటే పిడికెడు మట్టి తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా సాగదీసి చూడండి. రేగడైతే రెండంగుళాల దాకా తెగకుండా వస్తుంది. దుబ్బకు ఉండ కట్టడమే గగనం. నేల సర్వేకు వెళ్లిన శాస్త్రవేత్తలూ చేలో ఇదే చేస్తారు. వరికి నీళ్లు నిలవాలి, మిరపకు నిలవకూడదు. ఆ తేడా ఒక్కోసారి పదడుగుల్లో మారిపోతుంది.

పామాయిల్ విషయంలో తప్పు ఖరీదు ఎక్కువ. 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్లతో వంటనూనెల–పామాయిల్ మిషన్ ప్రకటించాక ఈ పంటకు ఊపొచ్చింది. అశ్వారావుపేటలో ఫ్యాక్టరీ ఉంది, కోతుల బెడద తక్కువంటారు, ఆ చుట్టుపక్కల రైతు ఈ తోట వేస్తానంటే నేను వద్దనను. కానీ ఎకరానికి 57 చెట్లు. ఎండాకాలంలో చెట్టుకు రోజుకు 200 లీటర్లు అనుకున్నా ఎకరానికి 11,400 లీటర్లు కావాలి. కోసిన గెల ఇరవై నాలుగు గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి, లేకపోతే నూనె నాణ్యత పడిపోతుంది. చర్ల అవతల బోరూ కరెంటూ లేని చెలకను పటం ‘అనుకూలం’ అంటే, నీటి పొరలో ఎవరో ‘వసతి కల్పిస్తే’ అనుకుని మార్కులేశారన్నమాట. మొక్క పెట్టాక కాపుకు నాలుగేళ్లు. తప్పని తెలిసేదీ అప్పుడే.

ఇక గోదావరి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు. అలాంటి వరద పోతూ ఇసుక మేట వేస్తే, నిన్నటి ఒండ్రు తెల్లారేసరికి ఇసుక దిబ్బ. పాత నేల పటానికి ఆ కబురు అందదు. వానాకాలపు నెలల్లో మబ్బు పట్టి మామూలు ఉపగ్రహాలకు పొలమే కనబడదు. మబ్బును దాటి చూసే రాడార్ కన్ను కావాలి. 2022 ఫిబ్రవరిలో ఇస్రో పంపిన ఈఓఎస్-04కు అది ఉంది.

చర్ల పక్కన ఒక చెలక మీద 250 మీటర్ల చదరం గీసి, దగ్గరకు లాగి చూశాను. ఒక మూల వాగు, ఇంకో మూల గుట్ట అంచు. చెలకల మధ్యలో నల్లటి గుండ్రటి మచ్చలు, ఒక్కోదాని పక్కన దాని నీడ. పోడు కొట్టేటప్పుడు కోయలు ఇప్పచెట్టును నరకరు. ఎండాకాలం మొదట్లో తెల్లారకముందే దాని కింద పువ్వు ఏరతారు. నేను చూసిన చదరంలో అలాంటి మచ్చలు పదకొండు. ఏ పొరలోనూ వాటికి మార్కులు లేవు.