‘పిడుగు రాయి’ని చదవగలరా?

పొలం గట్టున దొరికిన నల్లరాయి వేల ఏళ్ల నాటి గొడ్డలి కావొచ్చు. దాని గతాన్ని విప్పి చెప్పడమూ ఒక కెరియరే. కాకపోతే కాస్త ఓపిక కావాలి!

పిడుగు పడినచోట భూమిలో రాయి దిగబడుతుందని పెద్దవాళ్లు చెబితే వినే ఉంటారు. పల్నాడులో అయితే ఆ మాట ఏకంగా ఊరి పేరులోనే ఉంది... పిడుగురాళ్ల. ఇప్పుడు ఆ పేరు చెబితే సున్నం బట్టీలే గుర్తొస్తాయి. కానీ పురావస్తు చరిత్రలో పిడుగు రాయిది పెద్ద కథ.

ఐరోపాలో దుక్కి దున్నేటప్పుడు దొరికిన నున్నటి రాతి గొడ్డళ్లు పిడుగుతో పాటు ఆకాశం నుంచి పడ్డాయని జనం నమ్మేవారు. ఇంటిమీద పిడుగు పడకుండా కాపాడతాయని దాచుకునేవారు. 1723లో ఫ్రాన్స్‌కు చెందిన ఆంత్వాన్ ద జుస్యూ వాటిని అమెరికా ఆదివాసుల రాతి పనిముట్లతో పోల్చి, ఇవీ మనుషుల చేతిపనేనని వాదించాడు. ఇలాంటి గొడ్డలిని పురావస్తు శాస్త్రంలో ‘సెల్ట్’ అంటారు. పేరు చూసి కెల్టిక్ జాతి ఆయుధమనుకోవద్దు. ఉలి అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది.

మన దేశంలో ఈ శాస్త్రానికి దారి వేసింది ఓ జియాలజిస్టు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లవరంలో పాతరాతి యుగం నాటి చేతిగొడ్డలిని గుర్తించాడు. అంతకుముందు ఆ దారిన ఎందరు నడిచారో! వాళ్లకు కనిపించింది రాయే.

నాలుగు ప్రశ్నలు

రాయి దొరికితే నిపుణులు ముందు ఇవి అడుగుతారు.

మనిషి చేసిందేనా? కొత్తరాతి యుగం గొడ్డలిని ముందు పెచ్చులు కొట్టి, తర్వాత పొడిచి, నూరి, నున్నగా చేసేవారు. ఆ గుర్తులు ఉండాలి.

ఏ రాయి? దక్కనులో ఎక్కువగా డోలరైటు లాంటి గట్టి నల్లరాయి వాడారు. బళ్లారి దగ్గరి సంగనకల్లులో గొడ్డళ్ల తయారీ కేంద్రమే బయటపడింది. సున్నపురాయి నేలలో నల్లరాతి గొడ్డలి కనిపిస్తే, ఆ రాయి ఎక్కడి నుంచి వచ్చిందన్నది అసలు ప్రశ్న.

దేనికి వాడారు? గొడ్డలి అనగానే యుద్ధం అనుకుంటాం. అంచు మీది అరుగుదలను మైక్రోస్కోపులో చూస్తే చెట్లు నరికిందో, కొయ్య చెక్కిందో తెలిసే వీలుంది.

ఎక్కడ దొరికింది? అన్నిటికన్నా ముఖ్యం ఇదే. రాతికి రేడియోకార్బన్ పరీక్ష పనికిరాదు. అదే పొరలోని బొగ్గు, ఎముకల వయసును బట్టి దాని కాలం కడతారు. చోటు మారిస్తే ఆ ఆధారం పోయినట్టే.

అందుకే ‘పిడుగురాళ్ల’ అన్న పేరు చూసి, ఇక్కడ గొడ్డళ్లు దొరికాయి కాబట్టే ఆ పేరు వచ్చిందని తేల్చేయకూడదు. పోలిక వేరు, ఆధారం వేరు. ఈ రంగంలో మొదటి పాఠం ఇదే.

బడిపంతులు చెప్పిన కబురు

‘నేను చెబితే ఎవరు వింటారు?’ అనుకుంటున్నారా? 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు నాగార్జునకొండ లోయలో ఒక పాత స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి తెలిపారు. ఆ కబురుతోనే తవ్వకాలకు దారి పడింది. సాగర్ డ్యామ్ వల్ల లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 వరకు మళ్లీ పెద్దఎత్తున తవ్వారు. రాతియుగాల పనిముట్ల నుంచి ఇక్ష్వాకుల కట్టడాల దాకా బయటపడ్డాయి. ఆయన చూసీ చూడనట్టు వెళ్లిపోయుంటే?

మీకు దొరికితే...

తవ్వొద్దు, కడగొద్దు. పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసి, రెవెన్యూ లేదా పురావస్తు శాఖ అధికారులకు చెప్పండి. భూమిలో దొరికిన విలువైన వస్తువుల గురించి కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. 1972 చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా పురావస్తువుల వ్యాపారం చేయడం నేరం.

ఏం చదవాలి?

ఆచార్య నాగార్జున, శ్రీవేంకటేశ్వర, యోగి వేమన వర్సిటీలు, తెలుగు విశ్వవిద్యాలయం శ్రీశైలం ప్రాంగణం, పుణెలోని దక్కన్ కాలేజీ ఈ చదువుకు పేరున్నవి. పీజీ అయ్యాక గ్రేటర్ నొయిడాలో పురావస్తు సర్వేక్షణ సంస్థ (ఏఎస్ఐ) నడిపే రెండేళ్ల పీజీ డిప్లొమాకు పోటీ పడొచ్చు. చరిత్ర వాళ్లకే కాదు, జియాలజీ, ఆంత్రొపాలజీ వాళ్లకూ ఇందులో చోటుంది. యూజీసీ నెట్‌లో ఆర్కియాలజీ ప్రత్యేక సబ్జెక్టు. ఏఎస్ఐ ఉన్నత పోస్టులకు యూపీఎస్సీ నోటిఫికేషన్లు ఇస్తుంది.

ఒక నిజం కూడా చెప్పుకోవాలి. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఆగాల్సి రావొచ్చు. అందుకే డిగ్రీతో పాటు జీఐఎస్ మ్యాపింగ్, డ్రాయింగ్, ఫొటోగ్రఫీ, ప్రాకృతం లాంటి వాటిలో ఒకటి గట్టిగా నేర్చుకోండి. మ్యూజియం, సర్వే పనుల్లోనూ అవి అక్కరకొస్తాయి.

ఆసక్తి నిజమో కాదో తేల్చుకోవాలంటే, లాంచీ ఉందో లేదో కనుక్కుని ఓసారి నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్లండి. ఒక్క రాతి పనిముట్టు ముందు అరగంట నిలబడి, పై నాలుగు ప్రశ్నలకు సొంతంగా జవాబులు రాయండి. విసుగు రాకపోతే ఈ దారి మీదే!